తెరా ఏది, జింజా ఏది: జపాన్ యాత్రలో 1868 నాటి గీత

టోక్యోలోని అసకుసాకు వచ్చిన ప్రతి యాత్రాబృందమూ ముందుగా కమినారిమోన్ ద్వారం దగ్గర, ఆ పెద్ద ఎర్ర లాంతరు కింద ఫొటో దిగుతుంది. తరువాత జెండా పట్టుకున్న గైడు వెనక నకమిసె అంగళ్ళ వీధి దాటి, ధూపం పొగను చేతులతో తలకు అద్దుకుని, సెన్సోజీ గుడి మెట్లెక్కుతుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు. ఇది బౌద్ధాలయమనీ, లోపల కొలువున్నది కన్నోన్, అంటే మన అవలోకితేశ్వరుడేననీ గైడు చెబుతాడు. చిక్కు మొదలయ్యేది బస్సు దగ్గరికి తిరిగి వచ్చేటప్పుడు. ప్రధానాలయానికి కుడిపక్కన, అదే ఆవరణ కాబోలు అనిపించేంత దగ్గరలో, ఒక రాతి తోరీ, అంటే తోరణంలాంటి ద్వారం, దాని వెనక మరో గుడి కనిపిస్తాయి. అక్కడ పొగ లేదు, ధూపం లేదు. జనం రెండుసార్లు చప్పట్లు కొట్టి మొక్కుతున్నారు. ఇదేమిటని ఎవరైనా అడిగితే "అది షింటో గుడి", అంటే జపాన్ సొంత మతం గుడి, అన్న ఒక్క మాట జవాబుగా వస్తుంది, ఈలోగా ఇచ్చిన నలభై నిమిషాలూ అయిపోతాయి.

ఆ రెండో గుడి పేరు అసకుసా జింజా. సెన్సోజీ స్థలపురాణం ప్రకారం 628లో సుమిదా నదిలో వల వేసిన ఇద్దరు అన్నదమ్ములకు కన్నోన్ విగ్రహం దొరికింది. ఆ ఊరి పెద్ద దాని మహిమ గుర్తించి తన ఇంటినే గుడిగా మార్చాడు. దొరికిన విగ్రహం ఎవరికీ చూపని మూలమూర్తిగా బౌద్ధాలయంలో ఉండిపోయింది. దాన్ని నీళ్ళలోంచి తీసిన ఇద్దరూ, గుడి కట్టిన పెద్దా కలిసి ముగ్గురు దేవుళ్ళుగా పక్క గుడిలో వెలిశారు. అందుకే స్థానికులు ఆ గుడిని సంజా, అంటే ముగ్గురు దేవుళ్ళ గుడి అంటారు. ఒకే కథలోని రెండు సగాలు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. వాటిని రెండు వేర్వేరు మతసంస్థలుగా నిలబెట్టింది 1868లో వెలువడిన ఒక ప్రభుత్వ ఉత్తర్వు. జపాన్ యాత్రలో వారం పది రోజులపాటు చూసే గుళ్ళలో చాలావాటిని అర్థం చేసుకోవాలంటే ఆ ఉత్తర్వుకు ముందు ఏముండేదో, తరువాత ఏం మిగిలిందో తెలియాలి. ప్యాకేజీ కాగితంలో మాత్రం అన్నీ "టెంపుల్ విజిట్" అన్న రెండే మాటల కింద సర్దుకుపోతాయి.

గైడు చెప్పే గుర్తులు తప్పేమీ కావు. బౌద్ధాలయం తెరా, పేరు చివర "జీ" అనో "దెరా" అనో "ఇన్" అనో ఉంటుంది. సెన్సోజీ, కియోమిజుదెరా, బ్యోదోఇన్ అలాంటివి. షింటో గుడి జింజా; స్థాయిని బట్టి "జింగూ", "తాయ్‌షా", "గూ" అని పేరులో వస్తాయి. జింజా ముందు రెండు స్తంభాలూ రెండు దూలాలూ ఉన్న తోరీ నిలబడుతుంది. తెరా ముందు పైకప్పున్న ద్వారమూ, అందులో కండలు తిరిగిన ఇద్దరు ద్వారపాలకులూ ఉంటారు. వారిలో ఒకడి నోరు తెరిచి ఉంటుంది, ఇంకొకడిది మూసి ఉంటుంది. ఒకటి "అ", మరొకటి "హూం", సంస్కృత వర్ణమాల ఆదీ అంతమూ అని అక్కడి వివరణ. జింజాలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. తెరాలో చప్పట్లు ఉండవు, మనలాగే చేతులు జోడిస్తే చాలు. బయట తొట్టిలోని నీళ్ళతో ముందు ఎడమచేయి, తరువాత కుడిచేయి కడుక్కోవడం రెండుచోట్లా ఉంది.

ఈ పట్టికను జేబులో పెట్టుకుని నడిస్తే రెండు రోజుల్లోనే అది పనిచేయడం మానేస్తుంది. ఒసాకాలోని షితెన్నోజీ 593లో షోతోకు యువరాజు నెలకొల్పిన బౌద్ధాలయం, జపాన్‌లో అత్యంత పురాతనమైన వాటిలో ఒకటి. దాని పడమటి వైపున 1294లో కట్టిన రాతి తోరీ ఈనాటికీ ఉంది. క్యోటోలో కియోమిజుదెరా బౌద్ధాలయం వెనక మెట్లెక్కితే జిషు జింజా వస్తుంది. నిక్కోలోని తోషోగూ జింజా. అయినా దాని లోపల అయిదంతస్తుల పగోడా, ద్వారపాలకుల ద్వారం ఉన్నాయి. పగోడా అంటే స్తూపానికి చైనా, కొరియాల మీదుగా వచ్చిన రూపం, పూర్తిగా బౌద్ధుల కట్టడం. దానికి జింజాలో ఏం పని?

మన వైపు నుంచి ఆలోచిస్తే ఇది అంత వింతగా తోచదు. బౌద్ధం 6వ శతాబ్దంలో కొరియా రాజ్యమైన బెక్జే నుంచి జపాన్ రాజాస్థానానికి వచ్చేనాటికి అక్కడ ప్రతి కొండకు, జలపాతానికి, పెద్ద చెట్టుకు, వంశానికి ఒక కామి ఉండేది. కామి అనే మాటను దేవుడు అని అనువదించడం అలవాటే గాని, మన ఊరి పొలిమేరలోని గ్రామదేవతను తలచుకుంటే భావం ఇంకా దగ్గరగా వస్తుంది. ఆ దేవత ఆ నేలకు చెందింది. కోపమొస్తే తెగుళ్ళు తెస్తుంది, శాంతిస్తే పంటలిస్తుంది. కొత్త మతం వచ్చిన తొలి దశాబ్దాల్లో దాన్ని ఒప్పుకున్న సోగా వంశానికీ, వద్దన్న మొనొనొబె వంశానికీ 587లో యుద్ధమే జరిగింది. షితెన్నోజీ ఆ యుద్ధంలో మొక్కుకున్న మొక్కు. తరువాత మాత్రం రాజీ కుదిరింది, అదీ రెండు దారుల్లో. ఒకటి, కామి కూడా సంసారంలో చిక్కుకున్న జీవుడేనని, అతనికీ విముక్తి కావాలని చెప్పి, జింజా పక్కనే బౌద్ధాలయం కట్టి అతని కోసం సూత్రాలు పారాయణం చేయడం. రెండోది, మన క్షేత్రాల్లో క్షేత్రపాలకుడు ఉన్నట్టుగానే, బౌద్ధాలయం కట్టిన నేలకు చెందిన కామికి ఆవరణలోనే చిన్న గుడి కట్టి రక్షకుడిగా కూర్చోబెట్టడం.

కాలక్రమేణా ఈ ఏర్పాటుకు ఒక సిద్ధాంతం కూడా వచ్చింది. కామి అనేవారు వేరెవరో కారు, జపాన్ జనాన్ని ఉద్ధరించడానికి బుద్ధులూ బోధిసత్త్వులూ ఎత్తిన స్థానిక రూపాలే అన్నది దాని సారం. సూర్యదేవత అమతెరాసు మహావైరోచన బుద్ధుడి రూపమని కూడా చెప్పారు. అలా దిగివచ్చిన రూపాన్ని గోంగెన్ అన్నారు. అవతారం అన్న మాట తెలిసిన పాఠకుడికి దీన్ని విప్పి చెప్పనక్కరలేదు. నిక్కోలో పూజలందుకుంటున్న తొకుగావా ఇయెయాసు మనిషిగా షోగున్ (చక్రవర్తి పేరుమీద దేశాన్నేలే సేనాధిపతి), మరణించాక తోషో దాయ్‌గోంగెన్, అంటే తూర్పున వెలిగిన మహావతారం. అతని జింజాలో పగోడా ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది. అది కట్టిన రోజుల్లో అతను బుద్ధుడి అవతారమే కాబట్టి.

ఇలా వెయ్యేళ్ళకు పైగా సాగింది. పెద్ద జింజాల నిర్వహణ చాలాచోట్ల బౌద్ధ భిక్షువుల చేతుల్లోనే ఉండేది. జింజా గర్భగుడిలో బుద్ధ విగ్రహం, ముంగిట గంట, పక్కన పగోడా ఉండటం మామూలు విషయం. మామూలు జపనీయుడికి తాను ఏ మతస్థుడన్న ప్రశ్న తలెత్తేది కాదు. ఇప్పటికీ అంతగా తలెత్తదనే చెప్పాలి. జపాన్ ప్రభుత్వం ప్రకటించే లెక్కల్లో షింటో, బౌద్ధ అనుయాయుల మొత్తం దేశ జనాభాను మించిపోతూ ఉంటుంది. పుట్టిన బిడ్డను జింజాకు తీసుకెళ్ళి, చనిపోయినవారికి తెరాలో కర్మ జరిపే మనిషిని రెండువైపులా లెక్కించడమే అందుకు కారణం.

1868లో తొకుగావా షోగున్ల పాలన ముగిసి, మేయిజీ చక్రవర్తి పేరుమీద కొత్త ప్రభుత్వం ఏర్పడింది. చక్రవర్తి అమతెరాసు వంశీకుడన్న నమ్మకం మీద నిలిచిన ప్రభుత్వానికి ఆ దేవత వేరే దేశపు బుద్ధుడి రూపం కావడం మింగుడుపడలేదు. దానికి తోడు బౌద్ధ సంఘం మీద జనంలో అసంతృప్తి కూడా ఉండేది. షోగున్ల కాలంలో ప్రతి కుటుంబమూ ఏదో ఒక తెరాలో పేరు నమోదు చేయించుకోవాలి. క్రైస్తవులు కారని ధ్రువీకరించే పని భిక్షువులది. గుడి కాస్తా గ్రామ కచేరీలా మారిపోయింది. ప్రాచీన జపాన్ స్వచ్ఛతను వెతికే పండితులు బౌద్ధాన్ని పరాయి చేర్పుగా చూస్తూ వచ్చారు. ఇవన్నీ కలిసి ఆ ఏడాది వరుసగా ఉత్తర్వులయ్యాయి: జింజాల్లో ఉన్న భిక్షువులు కాషాయం విడిచి గృహస్థులు కావాలి, బుద్ధ విగ్రహాలు తీసేయాలి, గంటలు దించేయాలి, కామి పేర్లలో గోంగెన్ వంటి బౌద్ధ పదాలు ఉండకూడదు.

ఉత్తర్వు చెప్పింది వేరు చేయమని, ధ్వంసం చేయమని కాదు. కాని వేరు చేయడానికి వెళ్ళిన చేతులు అక్కడితో ఆగలేదు. కొద్ది రోజులకే హియెయ్ కొండ కింద సకమోతోలో సాయుధ గుంపు హియె జింజాలోకి దూరి బౌద్ధ విగ్రహాలను, గ్రంథాలను తగలబెట్టింది. దక్షిణాన సత్సుమా ప్రాంతంలో బౌద్ధాలయాలన్నవే దాదాపు మిగల్లేదు. ఇప్పుడు మనకు కనిపించే నిండైన, తీరైన, ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు తోచే జింజాల్లో చాలావాటికి ఈ కాలంలోనే ప్రస్తుత రూపం వచ్చింది. "అతి ప్రాచీన షింటో క్షేత్రం" అని గైడు చెప్పినప్పుడు నేలకు సంబంధించినంతవరకు అది నిజమే. కళ్ళ ముందున్న ఏర్పాటు మాత్రం తరచుగా నూట యాభై ఏళ్ళదే. ఈ తేడాను గైడులు చెప్పకపోవడం నాకు సమంజసంగా తోచదు. సమయం చాలదన్నది నిజమే గాని, ఒక్క వాక్యం సరిపోతుంది.

అసకుసాలోనే దీనికో చిన్న సాక్ష్యం ఉంది. ప్రధానాలయానికి తూర్పున నితెన్‌మోన్ అనే పాత ఎర్ర ద్వారం ఉంది. 1945 మార్చి బాంబుదాడిలో సెన్సోజీ ప్రధానాలయం కాలిపోయింది. ఇప్పుడున్నది 1958లో కాంక్రీటుతో కట్టినది. ఈ ద్వారమూ, 1649 నాటి అసకుసా జింజా భవనమూ ఆ మంటల నుంచి బయటపడ్డాయి. ద్వారంలో మొదట షింటో పద్ధతి రక్షకులు ఉండేవారు. ఉత్తర్వు తరువాత వారిని తీసేసి, ఇద్దరు బౌద్ధ దిక్పాలకులను తెచ్చి నిలిపి, పేరు నితెన్‌మోన్, అంటే ఇద్దరు దేవుళ్ళ ద్వారం అని మార్చారు. ఆ దిక్పాలకులు వచ్చింది కామకురాలోని త్సురుగఓకా హచిమాన్‌గూ నుంచి. అక్కడ అదే సమయంలో బౌద్ధ విగ్రహాలను బయటికి పంపేస్తున్నారు. ఆ విగ్రహాలు తరువాత యుద్ధంలో పోయాయి, ఇప్పుడున్న జంట ఇంకోచోటి నుంచి తెచ్చినది. ఒకచోట నుంచి గెంటేసిన దేవుళ్ళు మరోచోట ఖాళీ చేయించిన గూళ్ళలోకి చేరారన్నమాట.

కామకురాకు బృందాలు వెళ్ళేది పెద్ద బుద్ధుడి కోసం. ఆరుబయట కూర్చున్న ఆ కంచు అమితాభుడు పీఠం కాక 11 మీటర్లకు పైగా ఎత్తుంటాడు. పోతపని 1252లో మొదలైంది, చుట్టూ ఉన్న మండపం గాలివానలకూ సముద్రపు ఉప్పెనకూ కొట్టుకుపోయి మళ్ళీ లేవలేదు. అక్కడికి దగ్గరలోని హచిమాన్‌గూ ఇప్పుడు అచ్చమైన జింజాలా కనిపిస్తుంది. 1870లో దాని ఆవరణలోని పెద్ద పగోడాతో సహా బౌద్ధ కట్టడాలను కూల్చేసిన తరువాతే దానికి ఆ అచ్చదనం వచ్చింది.

క్యోటోలో గీత ఇంకా లోతుగా పడింది, అక్కడ దేవుడి పేరే మారిపోయింది. సాయంత్రం బృందాన్ని గియోన్ వీధుల్లో నడిపిస్తారు. గెయిషాలను వెంటబడి ఫొటోలు తీసే బెడద వల్ల 2024 నుంచి అక్కడివారి సొంత సందుల్లోకి పర్యాటకులను రానివ్వడం లేదు కాబట్టి పెద్ద వీధికే పరిమితం. ఆ వీధి చివర మెట్ల పైన యసాకా జింజా. గియోన్ అనే మాటలో ఉన్నది ఏమిటని ఎవరూ అడగరు. శ్రావస్తిలో జేతకుమారుడి తోటను అనాథపిండకుడు బుద్ధుడికి కొనిచ్చిన కథ మనకు తెలిసిందే. ఆ జేతవనాన్ని చైనా అక్షరాల్లో రాస్తే, జపనీయుల నోట గియోన్ అయింది. ఈ గుడి 1868 దాకా గియోన్ పేరుతోనే ఉండేది. లోపల ఉన్నది గొజు తెన్నో, వృషభశిరస్సు గల దేవుడు, జేతవన రక్షకుడని నమ్మకం. తెగుళ్ళు తెచ్చేదీ ఆయనే, ఆపేదీ ఆయనే. 869లో మహమ్మారి చెలరేగినప్పుడు ఆయన్ను శాంతింపజేయడానికి దేశంలోని 66 ప్రాంతాల గుర్తుగా 66 బల్లేలు నిలిపి చేసిన పూజ నుంచే ఇప్పటి గియోన్ మత్సురి పుట్టిందంటారు. ఏటా జూలై అంతా సాగే ఆ ఉత్సవంలో 17, 24 తేదీల్లో పెద్ద రథాలు వీధుల్లోకి వస్తాయి.

విభజన ఉత్తర్వు ఈ గుడికి పెట్టిన చిక్కు చూడండి. దేవుడు బౌద్ధుల తోటకు కాపలాదారు, ఊరు భారతదేశపు వనం పేరు, నిర్వాహకులు భిక్షువులు. అన్నీ మార్చవలసి వచ్చింది. గుడి పేరు ఆ స్థలం పాత పేరు మీదుగా యసాకా జింజా అయింది. దేవుణ్ణి అప్పటికే ఆయనతో కలిపి చెప్పుకుంటున్న సుసానొఒ అనే కామిగా ఖాయం చేశారు. జనం నాలుకల మీద ఉన్న గియోన్ మాత్రం పేటకూ పండుగకూ అలాగే మిగిలిపోయింది. ఒక ప్రభుత్వం పేర్లు మార్చడానికి ఎంత పూనుకున్నా, జనం రోజూ వాడే పేరు దగ్గర ఓడిపోవడం మనకు కొత్త కాదు.

ఆ రథాల గురించి ఒక పక్కమాట. వాటి నాలుగు వైపులా వేలాడే తివాచీల్లో యూరప్, చైనా, పర్షియా నేతలతో పాటు 17, 18 శతాబ్దాల్లో దక్కన్‌లో నేసినవని నిపుణులు గుర్తించినవీ ఉన్నాయి. డచ్చి వర్తకుల ఓడల్లో చేరిన ఆ తివాచీలను క్యోటో పట్టువ్యాపారులు కొని, తమ పేట రథానికి కట్టుకున్నారు. వాటి నేతగాళ్ళ ఊళ్ళలో అలాంటివి మిగలలేదు గాని, ఏడాదికి కొన్ని రోజులే బయటికి తీయడం వల్ల అక్కడ నిలిచాయి.

భారతీయ బృందాలకు మరీ నచ్చేది సంజూసాన్‌గెన్‌దో. 1164లో కట్టి, కాలిపోయాక 1266లో తిరిగి కట్టిన ఈ పొడవాటి మండపంలో 1001 కన్నోన్ విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. వాటి ముందు వరుసలో 28 మంది రక్షకదేవతలు. ఇక్కడ తలలు అటూ ఇటూ తిరుగుతాయి. నారాయణుడు ఉన్నాడు, మహేశ్వరుడు ఉన్నాడు, బ్రహ్మ, ఇంద్రుడు ఉన్నారు. ముక్కు వంగిన గరుడుడు వేణువు ఊదుతూ నిలబడ్డాడు. కాస్త దూరంలోని తోజీ ఆలయంలో 9వ శతాబ్దపు బ్రహ్మ నాలుగు ముఖాలతో హంసల మీద, ఇంద్రుడు ఏనుగు మీద కూర్చుని కనిపిస్తారు. "చూశారా, మన దేవుళ్ళు ఇక్కడ కూడా" అన్న మాట వెంటనే వినిపిస్తుంది, ఇంటికి వెళ్ళేలోగా కుటుంబ వాట్సాప్ గుంపుల్లో "జపాన్‌లో హిందూధర్మం" అయిపోతుంది.

ఆ మాటలో నిజం ఉంది గాని, పూర్తిగా కాదు. ఈ దేవతలు స్వతంత్రంగా ఓడెక్కి రాలేదు. భారతదేశంలోనే బౌద్ధం వీరిని ధర్మరక్షకులుగా తన పరివారంలో చేర్చుకుంది. సంస్కృత సూత్రాల్లో భాగంగా చైనాకు వెళ్ళారు, అక్కడ వేషం మార్చుకున్నారు, మంత్రయాన గురువు కూకాయ్ వంటివారు తెచ్చిన గ్రంథాలతో జపాన్ చేరారు. దిగాక ఆ నేలకు తగ్గట్టు ఇంకా మారారు. సరస్వతి బెంజాయ్‌తెన్ అయింది, వీణ స్థానంలో బివా అనే జపాన్ తంత్రీవాద్యం పట్టుకుంది, నదీదేవతగా తన పాత గుణాన్ని మరవక చెరువుల మధ్యా దీవుల్లోనూ వెలిసింది. కాలమే రూపమైన మహాకాలుడు, పేరును చైనా అక్షరాల్లోకి అనువదిస్తే దాయ్‌కోకు, అంటే పెద్ద నలుపు. ఒకునినుషి అనే కామి పేరును మరోరకంగా చదివినా దాయ్‌కోకు అనే పలుకుతుంది. ఉచ్చారణ ఒకటైనందున ఇద్దరూ ఒకరైపోయారు; శ్మశానవాసి అయిన దేవుడు ధాన్యపు బస్తాల మీద నిలబడి, చేతిలో సుత్తితో, బుగ్గలు ఉబ్బేలా నవ్వే కిరాణా కొట్ల దేవుడయ్యాడు. వినాయకుడు కంగితెన్ పేరుతో ఎక్కువచోట్ల తలుపులు మూసిన గూట్లోనే ఉంటాడు. సెన్సోజీ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, సుమిదా ఒడ్డున మత్సుచియామా షోదెన్ అనే గుడి ఆయనదే. ఉండ్రాళ్ళు కాదు, ఆయనకు తెల్లముల్లంగి పెడతారు. ఏ ప్యాకేజీలోనూ ఆ గుడి పేరు కనబడదు.

తెలుగువారికి వీరందరికంటే దగ్గరివాడు ఒకడున్నాడు, కాని అతని విగ్రహం కోసం ఎవరూ వెతకరు. క్యోటో స్టేషన్ ఎదురుగా ఉన్న రెండు బ్రహ్మాండమైన హోంగాంజీ ఆలయాలను బృందాలు బస్సు అద్దాల్లోంచి చూసి వెళ్ళిపోతాయి. అవి జోదో షిన్‌షూ శాఖకు ప్రధానపీఠాలు. ఆ శాఖకు ఏడుగురు పూర్వాచార్యులు, వారిలో మొదటివాడు ర్యూజు, అంటే ఆచార్య నాగార్జునుడు. శాఖ స్థాపకుడు షిన్రాన్ రచించి, ఆ శాఖ ఆలయాల్లో నిత్యం పాడే స్తోత్రం షోషింగెలో దక్షిణ భారతంలో నాగార్జునుడు ఉదయిస్తాడని బుద్ధుడు చెప్పినట్టు ఒక చరణం ఉంది. దక్షిణ భారతాన్ని అందులో నాన్‌తెంజికు అంటారు. కూకాయ్ నెలకొల్పిన షింగోన్ శాఖ పరంపర కూడా, నాగార్జునుడు దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపం తలుపు తెరిచి మంత్రయాన సూత్రాలను అందుకున్నాడని చెబుతుంది. ఆ స్తూపం అమరావతిదే కావచ్చునని ఊహించిన పండితులున్నారు. శాతవాహనుల నేలతో, శ్రీపర్వతంతో ముడిపడ్డ ఆ పేరును అక్కడ తెల్లవారుజామున వేలమంది ఉచ్చరిస్తుంటే, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్ళిన బృందం ఆ సమయంలో హోటల్లో బ్రెడ్డూ పండ్లూ వెతుక్కుంటూ ఉంటుంది. ప్రాతఃకాల పూజకు ఎవరైనా వెళ్ళవచ్చు, టిక్కెట్టు లేదు.

బంగారు గుడి కింకకుజీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరూ ఫొటోలు చూసినవారే. 1950లో ఒక యువ భిక్షువు తగలబెట్టాడు, 1955లో తిరిగి కట్టారు. దాని అసలు పేరు రొకుఒంజీ అనీ, దాని అర్థం మృగదావం, అంటే సారనాథ్ జింకల వనమనీ తెలిస్తే చాలు.

నిజం జింకలు నారాలో ఉన్నాయి. బిస్కెట్ల కోసం తలలు వంచే ఆ జింకలు కసుగా తాయ్‌షా అనే జింజాకు చెందిన దేవుడి వాహనాలు. ఆయన కషిమా నుంచి తెల్లజింక మీద వచ్చాడంటారు. మరి అవి తిరిగే పార్కులో కోఫుకుజీ అనే బౌద్ధాలయపు పగోడా ఎందుకుంది? కసుగా, కోఫుకుజీ రెండూ ఫుజివారా వంశానివే, వెయ్యేళ్ళు ఒకే సంస్థలా నడిచాయి. 1868లో కోఫుకుజీ భిక్షువులు మూకుమ్మడిగా కాషాయం విడిచి కసుగా పూజారులయ్యారు. గుడి దిక్కులేనిదైంది, ప్రహరీలు కూల్చేశారు, పగోడాను కూడా అమ్మజూపారని కథ. ఆ ఖాళీ నేలే తరువాత నారా పార్కులో భాగమైంది. ఈనాటికీ కోఫుకుజీకి చుట్టూ గోడ లేదు. జింకలు గుడిలోకి ఎలా వస్తున్నాయని ముచ్చటపడే యాత్రికుడికి ఆ లేని గోడే అసలు చూడవలసినది.

తోదాయ్‌జీలోని మహాబుద్ధుడు సుమారు 15 మీటర్ల వైరోచనుడు. 752లో ఆయనకు కళ్ళు దిద్దిన కుంచె పట్టింది బోధిసేనుడు అనే భారతీయ భిక్షువు, 736లో జపాన్ చేరినవాడు. అక్కడివారు ఆయన్ను బ్రాహ్మణ గురువు అని పిలిచేవారు. కుంచెకు కట్టిన దారాలను సభలోని వారంతా పట్టుకున్నారు. అంత బౌద్ధ సందర్భంలోనూ, విగ్రహం పోతకు సాయం చేస్తానని వాణి వినిపించినది ఉసా నుంచి వచ్చిన హచిమాన్ అనే కామి. ఆయన్ను ఆవరణ రక్షకుడిగా నిలిపారు. ఆ తముకెయామా హచిమాన్‌గూ కొండవాలున ఉంది, 1868 తరువాత వేరే సంస్థగా.

ఈ కథంతా ఒకేచోట కనిపించే స్థలం మియాజిమా. హిరోషిమా నుంచి ఫెర్రీలో దిగిన బృందం నేరుగా సముద్రంలో నిలబడ్డ ఎర్ర తోరీ దగ్గరికి వెళ్తుంది. ఆటుపోట్లు చూసుకుని ఫొటోలు తీసుకుంటుంది, ఇత్సుకుషిమా జింజా నడవాల్లో తిరుగుతుంది. ఆ జింజా పక్క మిట్టమీద 1407 నాటి అయిదంతస్తుల పగోడా ఉంది, దాన్ని ఆనుకుని అప్పటి పాలకుడు హిదెయోషి 1587లో బౌద్ధ పారాయణం కోసం మొదలుపెట్టించిన భారీ మండపం. మేయిజీ కాలంలో అందులోని బుద్ధులను పంపేసి మండపాన్ని తొయొకుని జింజాగా మార్చారు. పగోడాను తొలగించలేదు గాని లోపలి విగ్రహాలను తరలించారు. అవి చేరింది జింజా నిష్క్రమణ ద్వారానికి ఎదురుగా ఉన్న దాయ్‌గాంజీ అనే చిన్న బౌద్ధాలయానికి. వాటితో పాటు జింజాలో తరతరాలుగా పూజలందుకున్న బెంజాయ్‌తెన్, జపాన్‌లోని మూడు గొప్ప సరస్వతుల్లో ఒకరిగా పేరున్న మూర్తి, అక్కడికే వచ్చింది. జింజా నుంచి దాయ్‌గాంజీకి నడక రెండు నిమిషాలు కూడా పట్టదు. చాలామంది ఆవలికి, మేపుల్ ఆకు ఆకారపు మిఠాయిల దుకాణాల వైపు, ముందుకు సాగిపోతారు. లోపలికి వెళ్ళినా ఆమె గూడు తలుపులు మూసే ఉంటాయి. సరస్వతిని చూడాలనుకునేవారు యాత్ర తేదీలను జూన్ 17కు సరిపెట్టుకోవాలి. ఏడాదిలో ఆ ఒక్కరోజే ఆ తలుపులు తీస్తారు.